నొసలు ముడిచిన క్షణం: సూరా అబస నేపథ్యం

ఖుర్ఆన్‌లో 80వ సూరా (అధ్యాయం) పేరు ‘అబస’. నొసలు ముడిచాడు అని ఆ మాటకు అర్థం. సూరా మొదలయ్యేదే ఆ మాటతో. మొత్తం 42 ఆయత్‌లే (వాక్యాలే). చివరి పారాలో (భాగంలో) ఉంటుంది కాబట్టి మన ఊళ్లలో మదరసాకు వెళ్లే పిల్లల్లో చాలామందికి నోటికి వచ్చు. నొసలు ముడిచింది ఎవరు, ఎవరి మీద, ఎందుకు అన్నది తెలిశాక మళ్లీ చదివితే మాత్రం మొదటి పది ఆయత్‌ల దగ్గరే ఆగిపోతాం.

610 ప్రాంతంలో మక్కాలో ప్రవక్త ముహమ్మద్ (స)కు దైవవాణి రావడం మొదలైంది. తొలి ఏళ్లలో ఆయన మాట నమ్మినవాళ్లలో బానిసలు, పేదలు, వెనక అండ లేనివాళ్లు చాలామంది ఉన్నారు. బిలాల్ అనే బానిసను మండుటెండలో ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టేవారు. అడిగే నాథుడు లేడు. ఆ ఊళ్లో మనిషికి రక్షణ అంటే అతని తెగ, ఆ తెగ పెద్ద. అంతే. మక్కాలో పెత్తనం చేసే ఖురైష్ తెగ పెద్దల్లో ఒక్కరు మనసు మార్చుకున్నా ఎంతోమంది ఒంటి మీద దెబ్బలు ఆగుతాయి. ప్రవక్త (స) వాళ్లతో మాట్లాడాలని అంత తపన పడటానికి కారణం ఇదే. ఇది గుర్తుంచుకోకుండా ఈ సూరా చదివితే ఆయన్ను అపార్థం చేసుకుంటాం.

అలాంటి రోజుల్లో ఒకసారి ఆ పెద్దలతో కూర్చునే అవకాశం దొరికింది. వాళ్లెవరన్నది ఉల్లేఖనాల్లో ఒకలా లేదు. కొన్ని వలీద్ బిన్ ముగీరా అంటాయి, కొన్ని ఉత్బా, అబూ జహల్ పేర్లు చెబుతాయి. మాటలు నడుస్తుండగా ఒకాయన వచ్చాడు. పేరు అబ్దుల్లా అని కొందరు, అమ్ర్ అని కొందరు అంటారు. అందరూ పిలిచింది మాత్రం తల్లి పేరుతో, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అని. ప్రవక్త (స) భార్య ఖదీజాకు మేనమామ కొడుకు. ఆయనకు చూపు లేదు.

ఎదురుగా ఎవరు కూర్చున్నారో ఆయనకు కనబడదు. ఎంత కీలకమైన మాట నడుస్తోందో తెలియదు. “దేవుడు మీకు నేర్పినదాంట్లో నాకూ కొంచెం నేర్పండి” అని అడిగాడు. మళ్లీ అడిగాడు. ప్రవక్త (స) నొసలు ముడిచి, ముఖం అటు తిప్పుకుని, పెద్దలతో మాట కొనసాగించారు.

అప్పుడు దిగినవే ఈ సూరా మొదటి ఆయత్‌లని ఎక్కువమంది వ్యాఖ్యాతల మాట. వాటి సారం ఇది: నొసలు ముడిచాడు, ముఖం తిప్పుకున్నాడు, ఆ అంధుడు తన దగ్గరకు వచ్చాడని. నీకేం తెలుసు, అతను పరిశుద్ధుడు అవుతాడేమో! నాకేం అవసరం అనుకునేవాడి మీద నువ్వు శ్రద్ధ పెడుతున్నావు. భయభక్తులతో నీ దగ్గరకు పరుగున వచ్చినవాణ్ని పట్టించుకోవడం లేదు.

రెండు సంగతులు గమనించాలి. మొదటి రెండు ఆయత్‌లలో ‘నువ్వు’ అని లేదు. ‘అతను నొసలు ముడిచాడు’ అని ఎవరి గురించో చెబుతున్నట్టు మొదలై, మూడో ఆయత్‌లో ‘నీకేం తెలుసు’ అని నేరుగా ఎదుటికి తిరుగుతుంది. తప్పును మొహం మీద అనకుండా పక్కనుంచి మొదలుపెట్టడంలో ప్రవక్త మీద ప్రేమ ఉందని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. రెండోది నన్ను ఎప్పుడూ కదిలించేది. ముడిచిన నొసలు ఆ వచ్చినాయనకు కనబడే అవకాశమే లేదు. నొచ్చుకోవడానికి ఆయన చూసిందేమీ లేదు. అయినా అది లెక్కలోకి వచ్చింది. నమాజులో పైకి చదివే గ్రంథంలోకి ఎక్కింది.

వచ్చిన వాణిలో దేన్నయినా ప్రవక్త (స) దాచి ఉంటే, తన గురించిన ఈ మాటనే దాచి ఉండేవారని పాత తఫ్సీర్లలో (ఖుర్ఆన్ వ్యాఖ్యానాల్లో) ఒక మాట ఉంది. ఆయన దాచలేదు. తన నోటితోనే జనానికి చదివి వినిపించారు.

షియా పండితుల్లో ఎక్కువమంది ఈ కథనాన్ని ఒప్పుకోరు. నొసలు ముడిచింది అక్కడే ఉన్న ఉమయ్యా వంశీకుడొకడని వాళ్ల వాదన. ‘నీవు మహోన్నత శీలం మీద ఉన్నావు’ అని సూరా ఖలమ్‌లో ప్రవక్త (స) గురించే ఉన్నప్పుడు ఈ ప్రవర్తన ఆయనకు ఎలా అంటగడతామని వాళ్లు అడుగుతారు. ఈ చర్చ శతాబ్దాలుగా ఉంది. వచ్చిన మనిషి పక్షాన ఆయత్ నిలబడిందన్న విషయంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

తర్వాతి భాగంలో సూరా మనిషి వైపు తిరుగుతుంది. ఒక బొట్టు నుంచి పుట్టినవాడివి, నీ అన్నం వైపు ఒకసారి చూసుకో అంటుంది. వాన కురిపించాం, నేలను చీల్చాం, గింజలు, ద్రాక్ష, ఆలివ్, ఖర్జూరం, తోటలు, పండ్లు, ‘అబ్బ్’ మొలిపించాం అని వరస. ఈ ‘అబ్బ్’ దగ్గర రెండో ఖలీఫా ఉమర్ ఆగారట. పండ్లంటే తెలుసు గానీ ఈ అబ్బ్ ఏమిటి అని పైకే అనుకున్నారట. పశువుల మేత అని వ్యాఖ్యాతలు చెబుతారు. అంత పెద్దాయన తెలియనిదాన్ని తెలియదన్నట్టే మాట్లాడటం నాకు ఎంతో నచ్చుతుంది. చివర్లో ప్రళయ దినం. మనిషి తన అన్నదమ్ముణ్ని, తల్లిని, తండ్రిని, భార్యను, బిడ్డలను వదిలి పారిపోయే రోజు.

ఇబ్నె ఉమ్మె మక్తూమ్ కథ మక్కాతో అయిపోలేదు. హిజ్రత్‌కు (ప్రవక్త (స) మక్కా నుంచి వలస వెళ్లడానికి) ముందు మదీనాకు మొట్టమొదట వెళ్లిన ఇద్దరిలో ఆయన ఒకరు. రెండోవారు ముస్అబ్ బిన్ ఉమైర్. ఇద్దరూ అక్కడివాళ్లకు ఖుర్ఆన్ నేర్పేవారు. నాకూ నేర్పండి అని అడిగిన మనిషి ఇప్పుడు నేర్పేవాడయ్యాడు. ప్రవక్త (స) ఊళ్లో లేనప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి.

ఆయన కోసం ఇంకోసారి కూడా ఆయత్ దిగింది. యుద్ధానికి వెళ్లినవాళ్లు, ఇంట్లో కూర్చున్నవాళ్లు సమానం కారు అన్న ఆయత్‌ను ప్రవక్త (స) చెబుతుండగా జైద్ బిన్ సాబిత్ రాస్తున్నారు. “నాకు చూపుంటే నేనూ వెళ్లేవాణ్ని కదా” అన్నారు ఇబ్నె ఉమ్మె మక్తూమ్. ఆ క్షణంలో ప్రవక్త (స) తొడ జైద్ తొడకు ఆని ఉంది. అది ఎంత బరువెక్కిందంటే తన కాలు విరుగుతుందేమో అనిపించిందని జైద్ తర్వాత చెప్పారు. ఆ బరువు దిగేసరికి ఆయత్ మధ్యలో ఒక మాట చేరింది: అశక్తత ఉన్నవాళ్లు తప్ప. సూరా నిసా 95వ ఆయత్‌లో అది ఇప్పటికీ ఉంది.

రమజాన్‌లో మన దగ్గర సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) టైమ్ అయిపోగానే మసీదు సైరన్ మోగుతుంది, ఫోన్‌లో అలారం ఉంటుంది. మదీనాలో రెండు అజాన్‌లు (నమాజుకు పిలుపులు) ఉండేవి. “బిలాల్ రాత్రి ఉండగానే అజాన్ ఇస్తారు, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ ఇచ్చేదాకా తినండి, తాగండి” అని ప్రవక్త (స) చెప్పారు. ఊరంతా చేతిలో ముద్ద ఆపేది ఈయన గొంతు వినే. తెల్లవారడం ఆయనకు కనబడదు. పక్కనున్నవాళ్లు “తెల్లారింది, తెల్లారింది” అని చెప్పాకే అజాన్ మొదలుపెట్టేవారు.