షటిల్ ప్రమాదాలు, తొలి గంటల కబుర్లు: అపోహలు - వాస్తవాలు

సైన్స్ వార్తల డెస్క్‌లో పనిచేసే మా దగ్గరకు ఏటా జనవరి ఆఖరు వచ్చేసరికి రెండు అమెరికన్ స్పేస్ షటిల్ (వ్యోమగాములను అంతరిక్షానికి తీసుకువెళ్లి తిరిగి తెచ్చే నౌక) ప్రమాదాల స్మారక కథనాలు వస్తుంటాయి. 1986 జనవరి 28న ఛాలెంజర్, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా కూలిపోయి, ఒక్కొక్క దానిలో ఏడుగురు చొప్పున వ్యోమగాములు మరణించారు. వార్త తెలిసిన తొలి గంటల్లో జనం అనుకున్నవి, అడిగినవి, ఊహించినవి దర్యాప్తు నివేదికలు వచ్చాక కూడా చెరిగిపోలేదు. నేటికీ మేము దిద్దవలసివచ్చే పొరపాట్లలో చాలావాటి పుట్టుక అక్కడే.

అపోహ: ఛాలెంజర్ ప్రమాదాన్ని అమెరికా అంతా టీవీలో ప్రత్యక్షంగా చూసింది.

వాస్తవం: అప్పటికి షటిల్ ప్రయోగాలు మామూలు విషయమైపోయాయి కాబట్టి పెద్ద నెట్‌వర్క్‌లు చాలావరకు తమ సాధారణ కార్యక్రమాలకే పరిమితమయ్యాయి. ప్రయోగాన్ని దేశమంతటికీ ప్రత్యక్షంగా అందించిన ప్రధాన ఛానెల్ సీఎన్‌ఎన్. సిబ్బందిలో క్రిస్టా మెకాలిఫ్ అనే ఉపాధ్యాయురాలు ఉన్నందున నాసా ఉపగ్రహ ప్రసారం ద్వారా అనేక పాఠశాలల పిల్లలు ఆ దృశ్యాన్ని చూశారన్నది నిజమే కానీ, పెద్దల్లో అత్యధికులకు వార్త ఇతరుల నోటి ద్వారానో, తరువాతి ప్రసారాల ద్వారానో చేరింది. మరి ఇంతమంది "నేను అప్పుడే చూశాను" అని ఎందుకంటారు? ఎమరీ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రమాదం జరిగిన మర్నాడే విద్యార్థుల చేత వార్త ఎలా తెలిసిందో రాయించి, సుమారు రెండున్నరేళ్ల తరువాత వారిలో 44 మందిని మళ్లీ అదే అడిగారు. మొదట తొమ్మిది మంది మాత్రమే టీవీ ద్వారా తెలిసిందని రాయగా, రెండోసారి 19 మంది అలా చెప్పారు. 11 మంది చెప్పినదాంట్లో ముఖ్యాంశం ఒక్కటీ తొలి కాగితంతో కలవలేదు. అయినా తమ జ్ఞాపకంపై చాలామందికి గట్టి నమ్మకమే ఉంది. "ప్రత్యక్ష సాక్షి" మాటను వార్షికోత్సవ కథనంలో వాడేటప్పుడు నేను వెనకాడేది ఇందుకే.

అపోహ: ఛాలెంజర్ పేలిపోయింది, సిబ్బంది ఆ క్షణంలోనే మరణించారు.

వాస్తవం: కుడివైపు ఘన ఇంధన రాకెట్ అతుకు వద్ద ఓ-రింగ్ అనే రబ్బరు వలయం చలికి బిగుసుకొని, వేడి వాయువులను అడ్డుకోలేకపోయింది. 73వ సెకనులో బయటి ఇంధన ట్యాంకు చీలి, అందులోని హైడ్రోజన్, ఆక్సిజన్ ఒక్కసారిగా మండాయి. మనం తెరపై చూసే మేఘం అదే. నౌకను ముక్కలు చేసింది మాత్రం గాలి ఒత్తిడి. సిబ్బంది గది విడివడి మరికొంత ఎత్తుకు లేచి, రెండు నిమిషాల 45 సెకన్ల తరువాత సముద్రాన్ని తాకింది. దొరికిన నాలుగు అత్యవసర గాలి పరికరాల్లో మూడు తెరిచి ఉన్నాయి, అంటే నౌక ముక్కలయ్యాక కూడా కొందరైనా బతికే ఉన్నారన్నమాట.

అపోహ: కొలంబియా కూలగానే నాసా తలుపులు మూసుకొని నిజాన్ని దాచింది.

వాస్తవం: తలుపులు మూయించిన మాట నిజం. హ్యూస్టన్‌లోని నియంత్రణ కేంద్రంలో ఫ్లైట్ డైరెక్టర్ లెరాయ్ కెయిన్ ఆ ఆదేశం ఇచ్చాడు. అది ముందే రాసిపెట్టుకున్న నియమావళి: ఎవరూ బయటికి పోకూడదు, ఫోన్లు చేయకూడదు, ప్రతివారూ తమ తెరపై ఉన్న సమాచారాన్ని, చేతిరాత గమనికలను భద్రపరచాలి. దర్యాప్తుకు ఆధారం పోకుండా ఉండటానికి చేసిన పనే జనానికి దాపరికంగా కనిపించింది. దీనికి మరో కారణం కూడా ఉంది. మన గడియారం ప్రకారం శనివారం రాత్రి 7.29కి, భూమికి తిరిగివస్తున్న నౌకతో మాట తెగిపోగా, టెక్సాస్ ఆకాశంలో మండుతూ విడిపోతున్న శకలాలను డల్లాస్ టీవీ కెమెరాలు చిత్రీకరించాయి. ఆ దృశ్యం టీవీలో వస్తోందన్న ఫోన్ కబురు అందాకే నియంత్రణ కేంద్రం నౌకపై ఆశ వదులుకుంది. "ఎవరూ బతికి లేరు" అని అధ్యక్షుడు బుష్ ప్రకటించేసరికి మనకు అర్ధరాత్రి 12.34 అయింది. మన పత్రికల్లో దూరప్రాంతాల ఎడిషన్లకు అది ముద్రణ గడువు దాటిపోయే వేళ. ఈ ఐదు గంటల ఖాళీలో ఊహలు రాజ్యమేలాయి.

అపోహ: కొలంబియాను ఉగ్రవాదులు కూల్చారు.

వాస్తవం: 2001 సెప్టెంబరు దాడులకు అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు, నౌకలో ఇజ్రాయెల్ తొలి వ్యోమగామి ఇలాన్ రామోన్ ఉన్నాడు, తూర్పు టెక్సాస్‌లో పాలస్తీన్ అనే ఊరు కూడా ఉంది. అనుమానించడానికి జనానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ సమయంలో నౌక సుమారు 60 కిలోమీటర్ల ఎత్తులో, ధ్వనికి దాదాపు 18 రెట్ల వేగంతో సాగుతోంది. భుజంపై నుంచి పేల్చే క్షిపణి అందుకోగల ఎత్తు కాదది. ఉగ్రవాద సూచనలు లేవని అమెరికా అధికారులు ఆ రోజే చెప్పారు. జనవరి 16న ప్రయోగం జరిగిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకుపై వేడి తగలకుండా పూసే గట్టి నురుగు (ఫోమ్) పొర నుంచి ఊడిన, కిలో బరువైనా లేని ముక్క ఎడమ రెక్క అంచుకు కొట్టిన దెబ్బే కారణమని దర్యాప్తు తేల్చింది. "ఉపగ్రహం తీసిన పేలుడు చిత్రాలు" అంటూ ఈమెయిళ్లలో తిరిగినవి ఒక హాలీవుడ్ సినిమాలోనివి.

అపోహ: తాము తిరిగి రాలేమని కల్పనా చావ్లా బృందానికి ముందే తెలుసు.

వాస్తవం: నురుగు ముక్క తగిలిందని, దానివల్ల ఆందోళన అవసరం లేదని జనవరి 23న కమాండర్‌కు, పైలట్‌కు ఈమెయిల్ వెళ్లింది. రెక్క ఫొటోలు తీయించమని కొందరు ఇంజినీర్లు కోరినా యాజమాన్యం ముందుకు తీసుకువెళ్లలేదు. తప్పు అక్కడ ఉంది. వీడ్కోలు లేఖల కథలన్నీ కల్పితాలే.

అపోహ: కల్పనా చావ్లా మరణానంతరం స్మారకంగా కల్పన-1 ఉపగ్రహాన్ని ప్రయోగించారు.

వాస్తవం: ఆ వాతావరణ ఉపగ్రహం మెట్‌శాట్ పేరుతో 2002 సెప్టెంబరు 12నే పీఎస్‌ఎల్‌వీ-సీ4 ద్వారా శ్రీహరికోట నుంచి కక్ష్యకు చేరింది. ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు, ఫిబ్రవరి 5న, ప్రధాని వాజ్‌పేయి దానికి కల్పన పేరు ప్రకటించారు.