అంగస్తంభన మాత్రలు: అపోహలు – వాస్తవాలు

అంగస్తంభన సమస్యతో డాక్టరుగా నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ముందు నడుంనొప్పి గురించో నిద్ర పట్టకపోవడం గురించో మాట్లాడి, లేవబోతూ అసలు విషయం బయటపెడతారు. ఆ మొహమాటంలో, తాము వాడుతున్న మిగతా మందుల సంగతి చెప్పడం కూడా మరచిపోతారు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

అపోహ: ఈ మాత్రలు గుండెకు చేటు.

వాస్తవం: ఈ మాత్రల్లో ఒకటైన, వయాగ్రా పేరుతో చాలామందికి తెలిసిన సిల్డెనాఫిల్‌ను మొదట పరీక్షించిందే గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పికి మందుగా, అంగస్తంభన చికిత్సకు దానికి అమెరికాలో 1998లో అనుమతి లభించింది. గుండెజబ్బు అదుపులో ఉన్న చాలామంది డాక్టరు పరీక్షించి రాసిస్తే దీన్ని వాడుకోవచ్చు. అయితే ఛాతీనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రతో ఇది కలిస్తే, రెండూ రక్తనాళాలను వదులు చేసేవే కనుక, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే నైట్రేట్లు వాడేవారికి ఈ మాత్రలు నిషిద్ధం. మాత్ర వేసుకున్నాక ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడగకముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ తర్వాత 24 గంటలు, ఇదే కోవకు చెందిన టాడలాఫిల్ తర్వాత 48 గంటలు గడవనిదే సాధారణంగా నైట్రేట్ ఇవ్వరు. ప్రోస్టేట్ వాపుకు టామ్సులోసిన్ వంటి మందులు వాడేవారు కూడా ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే వారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతాం.

అపోహ: మాత్ర మింగితే చాలు, స్తంభన దానంతట అదే వస్తుంది.

వాస్తవం: లైంగిక ప్రేరణ కలిగినప్పుడే నరాల నుంచి రక్తనాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది, మాత్ర దాని ప్రభావాన్ని నిలబెడుతుందే తప్ప కోరికను పుట్టించదు. "పనిచేయలేదు డాక్టరుగారూ" అన్నవారిని కాస్త కదిపితే, కొవ్వు దండిగా ఉన్న భోజనం చేసిన వెంటనే సిల్డెనాఫిల్ వేసుకున్నట్టు తరచూ తేలుతుంది. అలాంటి భోజనం తర్వాత మందు ఒంటికి పట్టడం సుమారు గంట ఆలస్యమవుతుంది. అంతమాత్రాన అదే రోజు రెండో మాత్ర వేసుకోకూడదు.

అపోహ: స్తంభన ఎంతసేపు నిలిస్తే అంత మంచిది.

వాస్తవం: 4 గంటలు దాటితే అది అత్యవసర పరిస్థితి, సిగ్గుపడి ఆలస్యం చేస్తే అంగంలోని కణజాలం శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

అపోహ: మూలికల మందులైతే భయం లేదు.

వాస్తవం: అలాంటి పేరుతో అమ్మినవాటిలో సిల్డెనాఫిల్‌ను చెప్పకుండా కలిపినట్టు పరీక్షల్లో పదేపదే బయటపడింది. నైట్రేట్ వాడే మనిషి "ఆకులే కదా" అనుకుని మింగేది అదే మాత్ర కావచ్చు.

అపోహ: మాత్ర పనిచేస్తోంది కనుక పరీక్షలు అక్కర్లేదు.

వాస్తవం: అంగంలోని ధమనులు గుండె ధమనుల కంటే సన్ననివి కావడంతో, రక్తనాళాల జబ్బు అక్కడే ముందుగా బయటపడవచ్చు. అందుకే చీటీలో మాత్ర పేరుతో పాటు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా రాస్తాను.