స్థానిక చరిత్ర అంటే కోట చూసి రావడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడిని. మన ఊళ్ల చరిత్రను పిల్లలకు చెప్పే విషయంలో తోటి ఉపాధ్యాయుల నుంచి, తల్లిదండ్రుల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నా సమాధానాలు ఇవి.

అపోహ: ఇక్కడి చరిత్ర అంటే కాకతీయులు, కోట, గుళ్లు.

రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని మా పిల్లలు తడుముకోకుండా చెబుతారు. ఆ రాళ్లు ఎవరు మోశారు, పక్కనున్న చెరువు నీళ్లు ముందు ఎవరి పొలానికి పారేవి అని అడిగితే తరగతి ఒక్కసారిగా ఆలోచనలో పడుతుంది. సమాజం గురించిన పాఠం నిజంగా మొదలయ్యేది అక్కడే.

అందుకే కోటకన్నా ముందు పిల్లలను ఊరి చెరువు కట్టకు తీసుకువెళ్లాలంటాను. తూము తీసే నీరటి, చేపలు పట్టేవారు, మట్టి తోడుకునే కుమ్మరులు, చాకలి రేవు, కట్ట మైసమ్మ, బతుకమ్మలను వదిలే చోటు అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఆయకట్టు కింద భూమి ఎవరికి ఉండేది, ఎవరికి ఉండేది కాదు అన్న ప్రశ్న పిల్లలే అడుగుతారు. చెరువును తవ్వించినవారికి, దాని బాగోగులు చూసేవారికి ఆయకట్టులో ఇచ్చే దశబంధ మాన్యం గురించి అప్పుడు చెబితే వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కాకతీయుల వంశక్రమాన్ని మనకు తెలిపిన ముఖ్య ఆధారాల్లో ఒకటి బయ్యారం చెరువు శాసనం. దాన్ని వేయించింది గణపతిదేవుని సోదరి మైలాంబ. రాజుల వరుస తెలియాలన్నా చెరువు గట్టుకే వెళ్లాల్సి వచ్చింది!

అపోహ: పెద్దలు చెప్పేవి కథలు, పుస్తకంలో ఉన్నదే చరిత్ర.

రుద్రమదేవి 1295 వరకు పాలించిందని పుస్తకాలు చాలాకాలం రాశాయి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం బయటపడ్డాక ఆమె మరణం 1289కి మారింది. అంటే అచ్చులో ఉన్నదాన్నీ సరిచూసుకోవలసిందే. పెద్దల మాటకూ అదే నియమం: ఒక సంఘటన గురించి వేర్వేరు వాడల్లో ఇద్దరు ముగ్గురిని అడిగించి, తేడాలు ఎక్కడ వచ్చాయో రాయిస్తాను. చేర్యాల పటం (కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ చుట్ట) పరచి చెప్పే కులపురాణాల దగ్గర మాత్రం అడగవలసిన ప్రశ్న వేరు. పద్మశాలీలు వినే మార్కండేయ పురాణంలో తేదీలు వెతకడం వృథా. ఒక చేతివృత్తి సమాజం తన పుట్టుకను, గౌరవాన్ని ఎలా చెప్పుకుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు.

అపోహ: కులం, వెట్టి గురించి మాట్లాడితే తరగతిలో గొడవలు వస్తాయి.

ఈ భయం వల్లే మన పాఠాలు చాలా వరకు చప్పగా తయారవుతున్నాయి. పాలకుర్తి ఐలమ్మ ధైర్యవంతురాలని చెప్పి వదిలేస్తాం. కౌలు భూమిలో ఒక చాకలి స్త్రీ పంట పండించుకుంటే ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎందుకంత కంటగింపు అయిందో చెప్పం. ఆ "ఎందుకు" లేకపోతే, ఊళ్లలో సంఘం అని పిలిచే ఆంధ్ర మహాసభ ఆమె వెంట ఎందుకు నిలిచిందో, 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య ప్రాణం ఎందుకు పోయిందో పిల్లలకు అర్థం కాదు.

గొడవ వచ్చేది ప్రశ్న అడిగే తీరును బట్టి. "మీదే కులం?" అని తరగతిలో ఏ బిడ్డనూ అడగకూడదు. "ఊళ్లో ఈ పని ఎవరు చేసేవారు? బదులుగా ఏమి ఇచ్చేవారు? చేయనంటే ఏమయ్యేది?" అని ఊరి గురించి అడగాలి. వెట్టి చేసిన ఇంటి బిడ్డ, దొర ఇంటి బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చుని ఉండవచ్చు. మొదటి బిడ్డ సిగ్గుపడకూడదు, రెండో బిడ్డను దోషిలా నిలబెట్టకూడదు. ఎవరి ఇంట్లోనైనా బాధాకరమైన జ్ఞాపకం ఉందని తెలిస్తే ముందు ఉపాధ్యాయుడే వెళ్లి మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే పిల్లలను పంపాలి. ఈ జాగ్రత్తలకు ఓపిక కావాలి, పాఠాన్ని మాత్రం మానకూడదు.

అపోహ: మాది కొత్త కాలనీ, దానికి చరిత్రేముంది?

1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఆ కార్మికుల కుటుంబాలు ఏమయ్యాయి? భివండి, షోలాపూర్, సూరత్‌లకు నేత పనికి వెళ్లినవారిలో ఎవరు తిరిగి వచ్చారు? కాజీపేట రైల్వే క్వార్టర్లలోకి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు? పాత మిల్లు గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, పెళ్లి పత్రిక, పహాణీ నకలు అన్నీ ఆధారాలే. నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉంటే చదివిపెట్టే పెద్దలు వరంగల్‌లో ఇప్పటికీ దొరుకుతారు.

అపోహ: సిలబస్‌కే సమయం చాలదు.

వేరే పీరియడ్ అక్కరలేదు. పదో తరగతిలో వలసల పాఠం ఉంది. దాన్ని తెరవడానికి ముందు రోజు, తమ ఇంటివాళ్లు ఏ ఊరి నుంచి ఏ పని కోసం ఇక్కడికి వచ్చారో ఒక్క వాక్యం రాసుకు రమ్మంటే చాలు. ఆ వాక్యాలను బోర్డు మీద రాసి, అక్కడి నుంచి పుస్తకంలోకి వెళ్లవచ్చు.