పిల్లల్ని కనమనే ముందు ఈ ముప్పై ఏళ్లూ చూడండి

ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాశారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడేమో ప్రభుత్వమే ఎక్కువమందిని కనమంటోంది. మధ్యలో విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఏం జరిగిందో పట్టించుకోకుండా ఈ మాటంటే భారమంతా మళ్లీ ఆడవాళ్ల మీదే పడుతుంది.

2011 జనాభా లెక్కల్లోనే సంగతి తెలిసిపోయింది. అంతకుముందు పదేళ్లలో దేశ జనాభా 17 శాతానికి పైగా పెరిగితే, కృష్ణా జిల్లాలో 8 శాతం కూడా పెరగలేదు, గుంటూరులో తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. (జనం తగ్గలేదు, పెరిగే వేగం తగ్గింది. చాలామంది ఈ రెండూ కలిపేస్తున్నారు.) 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అదే సర్వే ప్రకారం పెళ్లయి 15-49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్ల ఆపరేషన్లు మాత్రం ఒక్క శాతం కూడా లేవు. పాతికేళ్లు నిండకుండానే ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్, మన ఊళ్లలో ఇది మామూలైపోయింది. వాళ్లనిప్పుడు ఇంకొకర్ని కనమంటే ఎలా కంటారు?

పుట్టేవాళ్లు తగ్గడం ఒకటైతే, రెండోది వలస. 1977లో విజయవాడ పక్కన కానూరులో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, తర్వాత రెండు జిల్లాల్లోనూ బోలెడు వెలిశాయి. చదువు ఇక్కడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. 1990లో అక్కడి చట్టంతో హెచ్1బీ ఉద్యోగ వీసా వచ్చాక అమెరికాలో. పొలం మీద మిగిలిన డబ్బు ఇక్కడ నాలుగు ఫ్యాక్టరీలు పెట్టడానికి కాకుండా ఫీజులకీ, హైదరాబాద్ స్థలాలకీ పోయింది, ప్రభుత్వాలు కూడా దాన్నే అభివృద్ధి అన్నాయి. ఇవాళ విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో ఇంటి పెద్దాయన పోతే బంధువులు ముందు ఫ్రీజర్ బాక్స్‌కి ఫోన్ చేస్తారు, కొడుకు డల్లాస్ నుంచి వచ్చేదాకా ఆయన అందులోనే ఉండాలి.

పైగా కేంద్ర పన్నుల్లో వాటా తేల్చడానికి 15వ ఆర్థిక సంఘం 1971 లెక్కలు వదిలి 2011 జనాభానే తీసుకుంది. జనాభా అదుపు పాటించిన రాష్ట్రాలకు 12.5 శాతం వెయిటేజీ ఇచ్చినా, మన వాటా 4.305 నుంచి 4.047 శాతానికి దిగింది. దీనికి జనాభా ఒక్కటే కారణం కాదు, కానీ చెప్పిన మాట విన్నందుకు లాభమైతే రాలేదు.

ఇక్కడ పనికి మనుషులు లేరని కాదు, వస్తూనే ఉన్నారు. గుంటూరు మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి (కోతల కాలం వలసకు) వస్తాయి, బడికి పోవాల్సిన పిల్లలు కళ్లాల దగ్గర చంటివాళ్లను ఆడిస్తూ ఉంటారు. పిల్లలు కావాలంటున్న ప్రభుత్వం కోతలు జరిగే ఊళ్లలో వీళ్లకు బడి, అంగన్‌వాడీ నడపడంతో మొదలుపెట్టాలి.