తుంటిలో ఎంత తిరుగుడుంది?

"ఛాంపియన్ గోల్ఫ్ స్వింగ్‌ను వీడియోలో నెమ్మదిగా చూసి, అచ్చం అలాగే ఆడుతున్నాను. బంతి దూరం పోకపోగా నడుము పట్టేస్తోంది, ఎందుకని?" ఒక పాఠకుడి ప్రశ్న ఇది.

అచ్చొచ్చిన టోపీ పెట్టుకుని ఆడేవాళ్లను చూసి నవ్వుతాం. ఛాంపియన్ భంగిమను అరువు తెచ్చుకోవడమూ ఆ కోవలోదే. బంతికి స్వింగ్ అందచందాలతో పనిలేదు. క్లబ్ (గోల్ఫ్ కర్ర) దాన్ని తాకి ఉండేది సుమారు సెకనులో రెండువేలవ వంతు. అప్పుడు క్లబ్ వేగమెంత, దాని ముఖం (బంతిని తాకే పలక) ఎటు ఉంది, ఏ దారిన వచ్చి ఎక్కడ తగిలింది అన్నదే లెక్క. అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను గాలిలో వింతగా మెలిక తిప్పుతాడు. అయినా 2003లో గోల్ఫ్ యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లోనే ముగించాడు (గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత గొప్ప).

పట్టు, క్లబ్ పొడవు గురించి అందరూ చెబుతారు. నా ఆసక్తంతా ఎడమ తుంటి మీద (కుడిచేతి వాటం వాళ్ల సంగతి ఇది). కుర్చీలో కూర్చుని, మోకాలు కదలకుండా ఎడమ పాదాన్ని పక్కకు, బయటివైపు ఎత్తండి. పాదం బయటికి పోతుంది గానీ తొడ ఎముక లోపలికి తిరుగుతుంది. కొందరికి 45 డిగ్రీలు వస్తుంది, కొందరికి 20 దగ్గరే ఆగుతుంది. తొడ ఎముక మెడ (తుంటి గిన్నెలో కూర్చునే గుండును తొడ ఎముకతో కలిపే భాగం) ముందుకు తిరిగి ఉండే కోణం పెద్దల్లో సగటున 15 డిగ్రీలు. అది తక్కువగా ఉన్నవాళ్లకు తొడ లోపలికి తిరిగేదీ తక్కువే. ఎముకకు ఎముక అడ్డుపడితే ఎంత సాగదీసినా లాభం లేదు.

క్లబ్ కిందికి దిగేటప్పుడు కటి (రెండు తుంటి కీళ్ల మధ్య ఎముకల గూడు) ఎడమ తొడ మీద తిరుగుతుంది. కీలుకు అది తొడ లోపలికి తిరిగినట్టే. నిపుణుల కటి బంతిని తాకే వేళకు దాదాపు 40 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పాదం నేరుగా నాటుకుంటే 20 డిగ్రీల తుంటి సగంలోనే ఆగుతుంది, మొండెం మాత్రం ఆగదు. మిగతా భారం నడుము మీద పడుతుంది. అక్కడి పూసలు వంగడానికి అనువైనవే గానీ, మెలితిరగడం ఒక్కోదానికి రెండు మూడు డిగ్రీలకు మించదు.

ఎడమ పాదం వేళ్లను 25 డిగ్రీలు లక్ష్యం వైపు తిప్పి నిలబడితే తొడ కూడా అటే తిరిగి మొదలవుతుంది. 20కి 25 కలిసి 45! పాతతరం గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ ఎడమ పాదాన్ని ఇలాగే బయటికి తిప్పేవాడు. ఆ కొలతనే అందరికీ నేర్పే గురువులతోనే నా పేచీ, ఎందుకంటే దీనికి మూల్యం ఉంది. క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు ఎడమ తొడ బయటికి తిరగాలి, ఆ చోటులో కొంత ముందే ఖర్చయిపోయింది. వెనక్కి తిరగడం బిగుసుకుంటే ఎడమ మడమను కాస్త పైకి లేవనివ్వండి. మరో గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ ఆ మడమను ఎత్తే ఆడేవాడు.