బ్యాకప్‌కు నైస్ పెడితే సరిపోతుందా? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో ఆసుపత్రులకు, కాలేజీలకు లైనక్స్ సర్వర్లు చూసే పని నాది. పొద్దున ఓపీ సమయంలో బిల్లింగ్ నెమ్మదించిందంటే, ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో బస్సెక్కి వచ్చిన పేషెంట్లు కౌంటర్ ముందు నిలబడిపోతారు. ఆ టెన్షన్‌లో చాలామంది మొదట పట్టుకునేది, సీపీయూ సమయంలో ఏ పనికి ఎంత ప్రాధాన్యమో చెప్పే నైస్ కమాండ్‌నే. మంచి పనిముట్టే, కానీ దేనికి పనికొస్తుందో తెలియాలి.

అపోహ: నైస్ విలువ పెంచితే ప్రాధాన్యం పెరుగుతుంది.

వాస్తవం: తగ్గుతుంది. అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం -20ది, తక్కువ 19ది. మామూలుగా 0 ఉంటుంది. అంకె ఇవ్వకుండా వాడితే 10 కలుస్తుంది. విలువ తగ్గించాలంటే సాధారణంగా రూట్ (అడ్మిన్) అధికారం కావాలి.

అపోహ: 19 పెడితే ఆ పని ఎప్పటికీ తెమలదు.

వాస్తవం: సీపీయూ కోసం పోటీ ఉన్నప్పుడే ఈ అంకెకు విలువ. కొళాయి దగ్గర ఇంకెవరూ లేకపోతే చివర వచ్చిన బిందె కూడా అంతే వేగంగా నిండుతుంది. పోటీ ఉంటే, ఒకే కోర్ మీద 0, 10 విలువలున్న రెండు పనులు సుమారు 90:10గా పంచుకుంటాయి. 10 బదులు 19 పెడితే ఆ పనికి ఒకటిన్నర శాతం దాకా దక్కుతుంది.

అపోహ: బ్యాకప్‌కు నైస్ పెట్టాం, ఇక బిల్లింగ్‌కు అడ్డు రాదు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డేటాబేస్ బ్యాకప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఒక క్లయింట్ మాత్రమే, అంటే సర్వర్‌ను డేటా అడిగి రాసుకునే ప్రోగ్రామ్. టేబుళ్లు చదివేది డేటాబేస్ సర్వర్ ప్రాసెస్, దానికి మీరు పెట్టిన నైస్ అంటదు. డంప్‌ను కుదించడానికి జీజిప్‌కు పంపుతుంటే మాత్రం ఆ జీజిప్‌కు తప్పకుండా పెట్టండి, కంప్రెషన్ అచ్చంగా సీపీయూ పని. సర్వర్ లోడ్ చూపే టాప్ కమాండ్‌లో డబ్ల్యూఏ (డిస్క్ కోసం ఎదురుచూపు) అంకె ఎక్కువగా కనిపిస్తే ఇబ్బంది డిస్క్‌ది. దానికి డిస్క్ వాడకంలో ప్రాధాన్యం మార్చే ఐయోనైస్ వేరే ఉంది. అదీ డిస్క్ పనుల వరుస నిర్ణయించే షెడ్యూలర్‌ను బట్టే: బీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ దాని మాట వింటుంది, ఎన్‌వీఎమ్ఈ (వేగవంతమైన ఎస్ఎస్‌డీ) డిస్కులకు తరచూ ఉండే ‘నన్’ (షెడ్యూలర్ లేని సెట్టింగ్) వినదు. ర్యామ్ చాలక డేటా డిస్క్‌లోకి వెళ్లివస్తుంటే (స్వాప్) ఈ రెండూ పనికిరావు. నా మటుకు నేను బ్యాకప్‌ను ఓపీ వేళలో నడపనివ్వను, రాత్రికి మార్చేస్తాను.

అపోహ: నడుస్తున్న ప్రోగ్రామ్ నైస్ విలువను రీనైస్ కమాండ్‌తో మారిస్తే ప్రోగ్రామ్ మొత్తానికీ మారిపోతుంది.

వాస్తవం: ఆ ప్రోగ్రామ్ నుంచి అప్పటికే పుట్టిన చైల్డ్ ప్రాసెస్‌లు పాత విలువతోనే ఉంటాయి. లైనక్స్‌లో థ్రెడ్ల (ఒకే ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే పనుల) సంగతీ అంతే. కొత్తగా పుట్టేవి మాత్రం, తమను పుట్టించిన ప్రాసెస్ లేదా థ్రెడ్ విలువను తీసుకుంటాయి.

రెండు వేర్వేరు టెర్మినళ్లలో పరీక్షించి “నైస్ పనిచేయట్లేదు” అనేవాళ్లూ ఉన్నారు. ఆటోగ్రూప్ (ఒక్కో టెర్మినల్ సెషన్‌లోని పనులను ఒక గుంపుగా చూసే లైనక్స్ సదుపాయం) ఆన్‌లో ఉంటే సీపీయూ ముందు సెషన్ల మధ్య పంచబడుతుంది, నైస్ తేడా ఆ సెషన్ లోపలే కనిపిస్తుంది. రెండు పనులనూ ఒకే టెర్మినల్ నుంచి, ఒకే కోర్‌కు కట్టేసి నడిపి చూడండి.