రక్తంలో మార్కర్ నార్మల్ వస్తే క్యాన్సర్ లేనట్టేనా?

పాథాలజిస్టుగా, అంటే శరీరం నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరుగా, నా పని స్లైడ్లతోనే అయినా, చాలాసార్లు స్లైడు కంటే ముందు నా బల్ల మీదికి వచ్చేది రోగి బంధువులు ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచి తెచ్చిన రక్తపరీక్ష కాగితమే. దసరా వెళ్లాక ఒక అబ్బాయి తన తల్లిని తీసుకొచ్చాడు. ఆమె ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ సంక్రాంతి నాటికే చేతికి తగిలింది. నొప్పి లేదు. ఎవరో చెబితే పట్నం వెళ్లి సీఏ 15-3 పరీక్ష చేయించారు. రొమ్ము క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల మార్కర్ అది. 18 వచ్చింది, 30 లోపు ఉంటే నార్మల్ అని పక్కనే అచ్చయి ఉంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలో బిళ్ల కట్టింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలిన రోజు ఆ అబ్బాయి అదే కాగితం చూపించి, "రక్తంలో లేదన్నారు కదా మేడం" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. అమ్మ మీద ప్రేమతోనే అతను డబ్బు ఖర్చుపెట్టి ఆ పరీక్ష చేయించాడు.

అపోహ: మార్కర్ నార్మల్ అంటే క్యాన్సర్ లేదని అర్థం.

వాస్తవం: నేను చూసిన అపోహలన్నింటిలో ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. మార్కర్లలో చాలావరకు కణితి కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్లు. మామూలు కణాలు కూడా వాటిని కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటాయి. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు, అంటే వైద్యం బాగా పనిచేసే దశలో, అది వదిలేది రక్తంలోని అంకెను కదిలించడానికి చాలదు. అండాశయ క్యాన్సర్ మొదటి దశలో ఉన్న స్త్రీలలో దాదాపు సగం మందికి ఆ క్యాన్సర్‌కు చూసే మార్కర్ సీఏ-125 విలువ నార్మల్ హద్దయిన 35 దాటదు. క్లోమం (ప్యాంక్రియాస్) క్యాన్సర్‌కు చూసే సీఏ 19-9 సంగతి ఇంకా విచిత్రం: రక్తకణాల మీద ఉండే లూయిస్ యాంటిజెన్ అనే పదార్థం లేకుండా పుట్టినవారి శరీరం ఆ పదార్థాన్ని అసలు తయారు చేయలేదు కాబట్టి, క్లోమంలో ఎంత పెద్ద కణితి ఉన్నా వారి రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది; అలాంటివారు నూటికి 5 నుంచి 10 మంది ఉంటారు. రొమ్ములో గడ్డ తగిలితే డాక్టరు చేతితో పరీక్షించాలి, మామోగ్రామో అల్ట్రాసౌండో తీయించాలి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. ఈ మూడింటి స్థానంలో ఏ రక్తపరీక్షా నిలబడదు.

అపోహ: మార్కర్ పెరిగిందంటే క్యాన్సరే.

వాస్తవం: నెలసరి సమయంలో, గర్భం తొలి నెలల్లో, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నవారిలో సీఏ-125 పెరగవచ్చు. మన దేశంలో మరొకటి మరవకూడదు, అది కడుపులో వచ్చే క్షయ. పొట్టలో నీరు చేరి, సీఏ-125 వందల్లోకి వెళ్లిన ఒక యువతి ఇంట్లో అప్పటికే ఏడుపులు మొదలయ్యాయి. ఆమె పొట్టలోంచి తీసిన ముక్కలో నాకు కనిపించినవి క్షయ గ్రాన్యులోమాలు, అంటే క్షయ వల్ల కణాలు గుంపుకట్టిన చిన్న ముద్దలు. ఆరు నెలల మందులతో ఆమె కోలుకుంది. ఏ లక్షణమూ లేని ఆడవారందరికీ సీఏ-125 చేయిస్తే మేలు జరుగుతుందా అని బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా మహిళలతో ఏళ్ల తరబడి చూశారు. దానివల్ల అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. ప్రోస్టేట్ వాపు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చూసే పీఎస్‌ఏ పెరుగుతుంది. పొగతాగేవారిలో పెద్దపేగు క్యాన్సర్‌కు చూసే సీఈఏ కాస్త ఎక్కువగానే ఉంటుంది.

అపోహ: అయితే మార్కర్లు దండగ.

వాస్తవం: కాదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ ముందు ఒకసారి, తర్వాత క్రమం తప్పకుండా, వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించిన సీఈఏ జబ్బు తిరగబెట్టడాన్ని ముందే పట్టివ్వగలదు. వృషణాల క్యాన్సర్‌లో ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ అనే రక్త మార్కర్లు చూడకుండా వైద్యం ముందుకు సాగదు.

అపోహ: సూది గుచ్చితే రాచపుండు ఒళ్లంతా పాకుతుంది.

వాస్తవం: రొమ్ము గడ్డ విషయంలో ఈ భయానికి ఆధారం లేదు. ఆ ముక్కలోని కణాల్లో ఉండే మార్కర్లు, అంటే హార్మోన్లను అందుకునే ఈఆర్, పీఆర్, కణితిని పెంచే హెర్2 చూడకుండా ఏ మందు ఇవ్వాలో ఎవరూ చెప్పలేరు. దయచేసి ఆ ముక్కను సెలైన్ నీళ్లలో వేసి బస్సులో పంపకండి. కణాలు చెడకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో వెంటనే వేయకపోతే కణాలు పాడై, ఉన్న మార్కర్ కూడా లేనట్టు కనిపిస్తుంది.

ఆ తల్లికి హెర్2 పరీక్ష 2+ వచ్చింది, అంటే అటూ ఇటూ తేలని ఫలితం. హెర్2 జన్యువును నేరుగా లెక్కించే ఫిష్ పరీక్ష చేస్తే పాజిటివ్ అని తేలి, దానికి తగిన మందులు మొదలయ్యాయి. మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి సీఏ 15-3 మళ్లీ చేయించమంటారా అని అబ్బాయి అడిగాడు. ఇప్పుడు అక్కరలేదని, మందుల ప్రతి విడతకూ డాక్టరు గడ్డను చేతితో చూసి, స్కానులో కొలిచి చెబుతారని చెప్పాను. మూడో విడతకు వచ్చినప్పుడు ఆ గడ్డ మళ్లీ రేగుపండంత అయింది.